చర్చి వేలం, నా స్కానర్

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిగ్రీ చదివినా పసిపాపను వదిలి ఉద్యోగానికి వెళ్లలేక, ఇంట్లోనే లేసు గౌన్లు అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటున్నాను.

నిరుడు చర్చిలో కోతపండుగ వేలం. కోళ్లు, అరటిగెలలు, కొబ్బరికాయలు కానుకలుగా చాలా వచ్చాయి. "నీ స్కానరు పెట్టమ్మా, దేవుడి పనే కదా" అన్నారు సంఘపెద్దగారు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. వచ్చిన డబ్బంతా మర్నాడే ఆయనకు అప్పగించాను.

కొన్ని నెలలకు పాపకు జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. అమలాపురం ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టబోతే ఫోన్‌లో డబ్బు కదల్లేదు. మన రాష్ట్రంలో పన్ను తనిఖీలు పెరిగాయనీ, నా అమ్మకాలు ఎక్కువగా ఉన్నాయనీ, జీఎస్టీ నంబరు ఇచ్చేదాకా ఖాతా ఆపేశామనీ చెల్లింపుల కంపెనీ సందేశం. వేలంలో అమ్మిన కోళ్లన్నీ నా లెక్కలోకే వచ్చాయి!

ఆ డబ్బు చర్చిదని రాసిమ్మని పెద్దగారికి అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"రాసిస్తే రేపు పన్నులవాళ్లు మన చర్చి మీదికొస్తారమ్మా. నీ వ్యాపారం నువ్వే చూసుకోవాలి. పాప కోసం ప్రార్థన చేస్తాంలే."

చివరికి మా అత్తగారి చెవిదుద్దులే పాపకు వైద్యం చేయించాయి.

ఈ ఏడాది వేలం బల్ల మీద కొత్త స్కానరు కనిపించింది. అది ఆన్‌లైన్‌లో చీరలమ్మే ఎదురింటి కోడలిది. అందరి ముందూ దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టేశాను.

ఇప్పుడు ఆ అమ్మాయితో సహా నాతో ఎవరూ మాట్లాడటం లేదు.