రీళ్ళాయన బిగించిన నాబు

ఆ వీధిలో అందరూ అతన్ని రీళ్ళాయన అనేవారు. మైకులు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసి బతుకుతున్నాడు గానీ, మనసంతా కొట్టు వెనక గదిలో ఉన్న పాత టేప్ రికార్డరు మీదే. పైన పళ్ళేలంత రీళ్ళు రెండు తిరిగే రకం అది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దాన్ని పాతసామాన్లవాడికి వేసెయ్యమని చెప్పి చెప్పి జనం నోళ్ళు నొప్పిపుట్టాయి. అతను వింటేగా.

వినకపోవడానికి కారణం ఉంది. అతని దగ్గరున్న ఒక రీలులో భార్య గొంతు ఉంది. కూతురికి ఏడాది నిండకముందే ఆమె జ్వరంతో పోయింది. అమ్మ గొంతు ఎలా ఉండేదని ఆ పిల్ల ఊహ తెలిసినప్పటినుంచీ అడుగుతూనే ఉంది. "మెత్తగా, నిదానంగా ఉండేదమ్మా" అని అతనూ చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడా పిల్లే కడుపుతో ఉంది. "నా బిడ్డ పుట్టేలోగా ఒక్కసారి వినిపించు నాన్నా" అంది. ఈసారి తప్పించుకునే దారి లేకపోయింది.

మిషనుంది, రీలుంది, ఇంకేం కావాలి అనుకుంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. ఆ మాటలు రికార్డు చేసింది ఈ మిషను మీద కాదు. రిపేరుకొచ్చిన ఎవరిదో బ్యాటరీ మిషను మీద, అదీ ప్రాణం పోతున్న బ్యాటరీలతో. అప్పుడు ఈడ్చుకుంటూ తిరిగిన టేపు ఈ మిషను మీద పెడితే పరుగందుకుంటుంది. గొంతు సన్నబడిపోయి, మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, పిట్ట కిచకిచలాడినట్టు వస్తుంది. ఇదిగో మీ అమ్మ అని కూతురికి పిట్టను వినిపించలేడు గదా.

వేగం తగ్గిద్దామంటే ఆ మోటారుకు ఒకటే నడక. "ఫ్యాను రెగ్యులేటరు పెట్టెయ్, అదే తగ్గుతుంది" అన్నాడు పక్క కొట్టు గడియారాలాయన. చేతిలో పని లేనప్పుడు సలహాలివ్వడం ఆయనకు అలవాటు. రీళ్ళాయన కూడా బుద్ధి గడ్డి తిని పెట్టి చూశాడు. మోటారు మూలిగింది, వేడెక్కింది, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. గడియారాలాయన మెల్లగా తన కొట్లోకి జారుకున్నాడు.

చివరికి రీళ్ళాయన ఆ మోటారునే విప్పి పక్కన పెట్టాడు. పాడైపోయిన ప్రింటరులోంచి తీసిన చిన్న మోటారు బిగించి, దానికి వేగం పెంచి తగ్గించే సర్క్యూటు కట్టాడు. బయటకు ఒక నల్లటి నాబు పెట్టాడు. కుడికి తిప్పితే పరుగు, ఎడమకు తిప్పితే నడక. మొదటిసారి ఎడమకు తిప్పగానే పిట్ట కాస్తా మనిషయింది. అతను చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

గట్టెక్కాననుకున్నాడు పాపం. అసలు చిక్కు అప్పుడే వచ్చిపడింది. నాబు రవ్వంత కదిపితే ఒక ఆడమనిషి, ఇంకాస్త కదిపితే మరో ఆడమనిషి. ఇందులో తన భార్య ఎవరు? మెత్తగా, నిదానంగా వినబడ్డచోట పొద్దున పెన్సిలుతో గీత గీశాడు. సాయంత్రం వింటే అదెవరో పెద్దావిడ గొంతులా ఉంది. ఇంకో గీత గీశాడు. మర్నాటికి ఆ రెండూ కాదనిపించింది.

అత్తగారిని పిలిపించాడు. ఆవిడ కాసేపు విని మొహం చిట్లించింది.

"ఇదేం గొంతు బాబూ, నా కూతురు మరీ ఇంత మగరాయుడా? పైకి తిప్పు. ఆఁ, అక్కడ. కాదు, దాటిపోయావు." తిప్పించి తిప్పించి, ఉన్నట్టుండి అడిగింది. "ఇది పెళ్ళికాక ముందుదా, అయ్యాకదా?"

"అయ్యాకదేనండీ."

"అయితే నన్నడుగుతావేం? అప్పుడది నీ దగ్గరేగా ఉంది" అంటూ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తన అక్కనడిగాడు. "నాకెలా తెలుస్తుందిరా, మీ ఆవిడా నేనూ మాట్లాడుకున్నదెప్పుడని" అని ఆమె చేతులు దులిపేసుకుంది.

నాబు చుట్టూ గీతలే గీతలు. రీళ్ళాయనకు మతి స్థిమితం తప్పినట్టే ఉంది. ఒకరి మిక్సీ జాడీ ఇంకొకరికి ఇచ్చి తిట్లు తిన్నాడు. కాపురం చేసిన మనిషి గొంతు పోల్చుకోలేనివాడు మొగుడేమిటని తనను తానే తిట్టుకున్నాడు. కూతురు ఫోను చేస్తే "ఇంకా కాలేదమ్మా" అనేవాడు. ఏం కాలేదో చెప్పడానికి మాత్రం నోరొచ్చేది కాదు.

ఆ పిల్లకూ ఓపిక నశించింది. ఒక మధ్యాహ్నం అతను ఫ్యాను అప్పగించి వచ్చేసరికి కొట్లో కూతురి చెప్పులున్నాయి, వెనక గదిలో రీలు తిరుగుతోంది. లోపలినుంచి "హలో... హలో... టెస్టింగ్" అని వినబడింది.

అది అతని గొంతే. ఏది రికార్డు చేసినా ముందు అలా పలకడం వృత్తిలో పడిపోయిన అలవాటు. వినేటప్పుడు ఆ ముక్క దాటించి అసలు సంగతి దగ్గర మొదలుపెట్టడం కూడా అలవాటే. అందుకే ఇన్నేళ్ళలో ఆ రీలు మొదలు అతను ఒక్కసారీ వినలేదు. దాటించాలని కూతురికి తెలియదు. మొదటినుంచీ పెట్టుకుని కూర్చుంది.

"ఇదేంటి నాన్నా, నువ్వా?" ఆమె నవ్వుతూ నాబు తిప్పుతోంది. పుట్టినప్పటినుంచీ రోజూ కొట్లో ఆ హలో వింటూ పెరిగిన పిల్ల. టేపు వెనక్కి తిప్పింది, మళ్ళీ పెట్టింది, నాబు సర్దింది. "కుర్రగా ఉంది గానీ నీ హలోనే. ఇదిగో, ఇక్కడ" అని చెయ్యి తీసేసింది.

అతను నోరు తెరిచేలోపే, తన హలో సరిపోయిన ఆ వేగంలోనే తరవాతి గొంతు వచ్చేసింది.

"ఏం మాట్లాడనండీ నేను? ముందా పెట్టె కట్టేసి పిల్లని ఎత్తుకోండి. అవతల పొయ్యి మీద పాలున్నాయి. మీకేం, హలో హలో అంటూ కూర్చుంటారు. ఏంటీ, ఇదంతా అందులో పడుతోందా?"

చురుగ్గా, గలగలా, కసురుతూనే నవ్వు ఆపుకుంటున్న గొంతు. అతను గీసిన గీతలన్నీ ఎక్కడో ఎడమవైపే ఉండిపోయాయి.

రీళ్ళాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. మెత్తదనం లేదు, నిదానం అసలే లేదు. మరి ఇన్నేళ్ళూ తన చెవిలో అంత నెమ్మదిగా మాట్లాడిన ఆవిడ ఎవరు? ఎప్పుడు వచ్చి చేరింది? భార్య రెండోసారి పోయినట్టు గుండె కలుక్కుమంది. ఆమె ఇప్పుడే ఎదురొచ్చి కసిరినట్టు సంతోషమూ వేసింది. ముందు బాధపడాలో, సంతోషపడాలో అతనికి తెలియలేదు.

"నిదానంగా ఉండేదన్నావుగా నాన్నా, నాకంటే గయ్యాళిలా ఉందే." కూతురి కళ్ళు ధారలు కడుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. "అమ్మ ఇలాగే మాట్లాడేదా?"

అవునందామనుకున్నవాడల్లా, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏమోనమ్మా. మళ్ళీ పెట్టు. నేనూ నీతోపాటే వింటాను."