డబ్బా బయటి మాట

రూతు వాళ్ళమ్మ రెబెకాకు చదువు కూడబలుక్కుంటే వచ్చేంతే. కొత్తచెరువు పక్క పల్లెలో వేరుశనగ కోతలకు కూలికి పోయే మనిషికి అంతకంటే ఎక్కడొస్తుంది? ఆదివారం ప్రార్థనలో కూర్చుంటే బైబిల్లో ఏ వాక్యం ఎక్కడుందో ఆమెకు దొరికేది కాదు. అందుకని రూతు చిన్నప్పుడే ఎర్ర పెన్సిలు పుచ్చుకుని, అమ్మకు కావలసిన వాక్యాల కింద గీతలు గీసిపెట్టేది. అమ్మ ఆ గీతలున్న చోటే చదివేది. మిగతా పుస్తకమంతా ఆమెకు ఉన్నా లేనట్టే. గీత గీసిన చోటే మనుషులు చదువుతారన్న సంగతి రూతుకు ఆ వయసులోనే తెలుసు. తెలియక చేసింది కాదు పాపం, ఈ కథలో బాధంతా అదే.

అనంతపురంలో డిగ్రీ అయ్యాక ఆమె ఒక చిన్న కంపెనీలో చేరింది. బోరు మోటార్లకు సెల్‌ఫోన్ స్టార్టర్లు చేసే కంపెనీ. రైతు ఇంటి దగ్గర ఫోన్ నొక్కితే పొలంలో మోటారు తిరుగుతుంది. ఆ స్టార్టరును ఎలా బిగించాలో, దానికి ఏ కమాండ్లు పంపాలో రాసిపెట్టడం రూతు పని. బుక్కరాయసముద్రంలో రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చుని రాసేది. రాసేది మార్క్‌డౌన్‌లో. అదేం బ్రహ్మవిద్య కాదు. మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రం గుర్తులు పెడితే అక్షరాలు లావవుతాయి. పైన మూడు, కింద మూడు బ్యాక్‌టిక్కులనే చిన్న వాలు గుర్తులు పెడితే మధ్యలో ఉన్నది బూడిదరంగు డబ్బాలో కూర్చుంటుంది, మూలన కాపీ గుర్తు వస్తుంది. కమాండ్లు డబ్బాలో ఉండాలి, వివరణ బయట ఉండాలి. లోకమంతా పాటించే పద్ధతి అదే.

ఆ లోకంలో రామాంజి లేడు. అతను స్టార్టర్లు బిగించేవాడు, నలభై దాటిన మనిషి, పుట్టపర్తి చుట్టుపక్కల ఊళ్ళన్నీ మోటారుసైకిలు మీద తిరిగేవాడు. వయసులో పెద్దవాడైనా రూతును అక్కా అనేవాడు, ఆమె అతన్ని అన్నా అనేది. ఒకసారి ఫోన్ చేసి ఉన్నమాట మొహం మీదే చెప్పాడు.

"ఎండకు ఫోన్లో అచ్చరాలు కానరావక్కా. ఒక సేతిలో ఫోను, ఒక సేతిలో స్క్రూడ్రైవరు. బూడిద డబ్బా ఒకటే కండ్లకు ఆనేది. దాన్ని ఒత్తల్ల, పంపల్ల, అంతే. నువ్వు పైన రాసే పురాణమంతా ఎవురు సదువుతారు?"

రూతుకు చురుక్కుమంది, నవ్వూ వచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి జాగ్రత్త మాట ఏదైనా ఉంటే డబ్బాలోనే, కమాండ్లకు పైన, ముందొక హ్యాష్ గుర్తు పెట్టి రాసేది. ఆ గుర్తున్న లైనును స్టార్టరు పట్టించుకోకుండా దాటేసేది, మనిషి మాత్రం చదువుకునేవాడు. "ఇబ్బుడు సక్కగుండాది" అన్నాడు రామాంజి. ఏళ్ళ తరబడి అట్లాగే నడిచింది.

తర్వాత కొత్త మోడల్ వచ్చింది. అది మహా పెళుసు. తనకు తెలియని లైను ఒక్కటి తగిలినా, హ్యాష్ గుర్తున్నదైనా సరే, బిగుసుకుపోయేది. ఇంకో గుణం కూడా ఉంది దానికి: కమాండ్లు అందగానే, ఎవరూ చెప్పకుండానే, మోటారును ఒకసారి తిప్పి చూసుకునేది. రూతు ఆ పేజీలో డబ్బా లోపలే, కమాండ్ల నెత్తిన, ఎప్పటిలాగే హ్యాష్ గుర్తు పెట్టి రాసింది: "మూత బిగించండి. అందరి చేతులూ తీయించండి. ఇది పంపగానే మోటారు తిరుగుతుంది."

పేజీలు సరిచూసే అనుపమ బెంగళూరులో ఉంటుంది. మంచి మనిషే, పనిలో మొహమాటం లేదు. "రూతు గారూ, ఈ లైను ఉంటే కొత్త స్టార్టరు ఆగిపోతుంది. డబ్బా బయట, పైన పెట్టి బోల్డ్ చేయండి" అని రాసింది.

"మేడమ్, మా వాళ్ళు డబ్బా ఒక్కటే చూస్తారు. హెచ్చరికకు వేరే డబ్బా పెడదామా?"

"కమాండ్ లేని డబ్బా పెడితే దాన్నీ కాపీ చేసి పంపేస్తారు కదండీ. డబ్బా బయటిది చదవడం మెల్లగా అలవాటు చేద్దాం."

ఆ మాటకు తక్కిన రాతగాళ్ళంతా ఔనౌనంటూ కింద బొటనవేలు బొమ్మలు పెట్టారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, రూతుకు అనుపమ మాట కంటే ఆ బొటనవేళ్ళే గుచ్చుకున్నాయి. ఇంకేం వాదిస్తుంది? హెచ్చరికను డబ్బాలోంచి తీసింది. పైన పెట్టి, అటూ ఇటూ నక్షత్రాలు తగిలించింది. లావు అక్షరాలతో చూడ్డానికి బాగానే ఉంది. రామాంజికి ఒక మాట చెప్పాలి అనుకుని ఫోన్ చేతిలోకి కూడా తీసుకుంది. అంతలో వీధిలో నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టింది. ఆ వీధిలో ట్యాంకరు తప్పితే మళ్ళీ ఎప్పుడో దేవుడికే ఎరుక. బిందెలు పట్టుకుని పరుగెత్తింది. తోపులాటలో, తిట్లలో నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి పేజీ ఆమోదమై ఉంది. రూతు ఇంకో పేజీ తెరిచింది.

కొత్తచెరువు దగ్గర కొండప్ప అనే రైతుకు కాసిని చీనీ, అంటే బత్తాయి, చెట్లు మిగిలాయి. బోర్లు మీద బోర్లు వేయించగా ఒక్కదాంట్లో నీళ్ళు నిలిచాయి. ఉన్న స్టార్టరు కాలిపోతే చెట్లు వాడిపోతున్నాయని రామాంజిని పిలిచి కొత్తది పెట్టించుకున్నాడు. ఈ సీమ రైతు చేతులు కట్టుకుని నిలబడి చూసే రకం కాదు. లైన్‌మన్ కోసం ఎదురుచూస్తే పైరు ఎండుతుంది కాబట్టి ఫ్యూజు దగ్గర్నుంచి మోటారు దాకా అన్నీ తనే విప్పుకుంటాడు, తనే బిగించుకుంటాడు. రామాంజి ఫోన్ చూస్తున్నాడు. కొండప్ప స్టార్టరులో మోటారు వైరు వదులుగా ఉందని పట్టుకుని మరలు బిగిస్తున్నాడు. రామాంజి డబ్బా ఒత్తాడు, పంపాడు. మోటారు తిరిగింది, వైరులోకి కరెంటు వచ్చింది. కొండప్ప ఆ వైరును వదల్లేకపోయాడు. కట్టెతో కొట్టి విడిపించి, ఆటోలో వేసుకుని పుట్టపర్తి చేరేలోపే ప్రాణం పోయింది.

కంపెనీలో మీటింగు పెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అక్కడ అందరికీ కావలసింది ఒక్కటే: హెచ్చరిక పేజీలో ఉందా, లేదా? ఉంది. బోల్డ్‌లో ఉంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చదవకుండా పని చేశాడని రామాంజిని తీసేశారు, పోలీసులు కూడా అతన్నే పిలిచారు. స్టేషన్లో చూపించడానికి పేజీ ఫొటో పంపమని కంపెనీవాళ్ళు రూతును అడిగారు. పంపింది. పంపేటప్పుడు ఏమీ అనిపించలేదు. తర్వాత తల్చుకుంటే దానికే ఆమెకు భయం వేసింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. రామాంజి డబ్బా ఒక్కటే ఎందుకు చూశాడో తెలిసింది తనకొక్కదానికే, తను నోరు విప్పకపోతే ఆ మనిషి బతికినన్నాళ్ళూ తన కళ్ళనే తిట్టుకుంటాడు.

పొద్దున్నే బస్సెక్కి రామాంజి ఇంటికి పోయింది. అతను అరుగు మీద నీడలో కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. చేతిలో ఫోను, ఫోన్లో ఆ పేజీ.

"రాక్కా, కూసో. ఇదో సూడు, ఎంత లావు అచ్చరాలతో రాసినావు. నీడలో ఎంత బాగ కనపడతాండాది. ఆ పొద్దు నా కండ్లకేమొచ్చెనో. డబ్బాలో కూడా ఉండెనేమో, నాకే ఆనలేదేమో అని పొద్దస్తమానం ఇదే సూస్తాండా."

"డబ్బాలో లేదన్నా" అంది రూతు. "ముందు డబ్బాలోనే రాసినా. తీయమన్నారు, తీసి పైన పెట్టినా. నీకు ఫోన్ చేసి చెప్పాలనుకున్నా. చెయ్యలేదు. నీ కండ్ల తప్పేం లేదన్నా, నాది. ఆ మాట స్టేషన్లో కూడా చెప్తా, కంపెనీలోనూ చెప్తా."

తిడతాడనుకుంది. తిడితే బాగుండును అనుకుంది. అతను ఫోను అరుగు మీద బోర్లా పెట్టాడు.

"కొండప్ప మామ అడిగినాడక్కా" అన్నాడు. "'సెయ్యి తీయల్లనా రామాంజీ' అని అడిగినాడు. నేను డబ్బా సూసినా. బయముంటే నువ్వు దాంట్లో రాసింటావు కదా. ఏమీ లేకపోయ. 'ఏం పర్వాలేదు మామా, పట్టుకో' అంటి."