టైపు మేడమ్ నేర్చుకున్న యుద్ధం

రావులపాలెంలో అరటి మార్కెట్ వెనక వీధిలో సత్యకుమారి టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. తండ్రి చంద్రరావు పెట్టినది, ఆయన పోయాక ఆమె చేతికి వచ్చింది. పదిహేనేళ్లలో లోయరు, హయ్యరు పరీక్షలకు ఆమె పంపినవాళ్లు వెయ్యిమందికి తక్కువ ఉండరు. కీబోర్డు వంక చూడకుండా కొట్టాలన్నది ఆమె మొదటి పాఠం. చదవకుండా కొట్టాలన్నది రెండోది. ఎదురుగా పెట్టిన కాగితంలో ఏం రాసుందో అర్థం చేసుకుంటూ కూచుంటే వేగం రాదనేది. అర్థం చెప్పడానికి వేరే మాస్టార్లున్నారు, మన పని అక్షరాలు దింపడం అనేది. ఆమె వేళ్లు నిమిషానికి డెబ్బై మాటలు తప్పు లేకుండా దింపేవి.

రెండువేల ఒకటి వచ్చేసరికి టైపు నేర్చుకునేవాళ్లు పల్చబడ్డారు. ఆమె రెండు కంప్యూటర్లు కొని, ఫోను లైనుతో ఇంటర్నెట్ పెట్టించింది. ఆ మే నెలలో గణేష్‌బాబు సెలవులకు ఇంటికొచ్చాడు. ఇంటర్ చదివే రోజుల్లో ఆమె దగ్గర లోయరు పాసయినవాడే, ఇప్పుడు కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు. రోజూ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కంప్యూటర్ ముందు కూచునేవాడు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు వాక్యాలు పైకి పాకిపోతుండేవి.

"ఏంటిది గణేషూ, ప్రోగ్రామా?" అనడిగింది ఒకరోజు.

"కాదండి మేడమ్, ఆట."

"బొమ్మలేవి మరి?"

"ఉండవండి. నడవాలన్నా, తలుపు తియ్యాలన్నా, కత్తి దుయ్యాలన్నా మాట టైపు కొట్టడమే. ఎదురుగా ఉన్న మనిషి కూడా ఏదో దేశంలో కూచుని కొడుతుంటాడు. ఇద్దరూ తలపడ్డారనుకోండి, ఒకడు చచ్చేదాకా కొట్టుకోవచ్చు."

"టైపు కొట్టడమేగా! నేనూ వస్తాను పట్టు."

తమాషాకి అందనుకున్నాడు. కాదు. పక్క కుర్చీ లాక్కుని కూచుంది. ఆమెకు కుమారి అనే పేరుతో ఒక యోధురాలిని తయారుచేసి ఇచ్చాడు, ఒక కత్తి, ఒక డాలు. అతని యోధుడి పేరు వజ్ర. ఇద్దరూ రాతి గోడల బరిలోకి దిగారు. ఆమె వేళ్లు కీబోర్డు మీద వానలా పడ్డాయి. నలభై సెకన్లలో కుమారి చచ్చిపోయింది.

"సారీ మేడమ్ గారూ," అన్నాడు గణేష్‌బాబు. నవ్వు ఆపుకోవడం తెలుస్తూనే ఉంది.

"మళ్లీ," అంది.

మళ్లీ చచ్చిపోయింది. ఆ వారంలో తొమ్మిదిసార్లు చచ్చింది. తొమ్మిదోసారి ఆమె టేబుల్ మీద అరచేత్తో చరిచింది. అప్పుడే అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చిన భర్త అచ్చిబాబు గుమ్మంలో ఆగిపోయాడు. ఆయన మార్కెట్లో అరటి గెలల వ్యాపారి దగ్గర గుమాస్తా.

"ఎవర్నే కొడుతున్నావు?"

"నేను కొట్టడం లేదండి. వీడే నన్ను కొడుతున్నాడు."

అచ్చిబాబు ఇద్దరినీ చూసి, క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"మేడమ్, ఒక మాట చెప్పనాండి?" అన్నాడు గణేష్‌బాబు. "మీరు నాకంటే నాలుగింతల స్పీడు. కానీ వచ్చిన లైను చదవట్లేదండి. నేను మీ చేతికి విషం పూశాను. చెయ్యి కదలట్లేదని తెర మీద పడింది. అయినా మీరు కత్తితో పొడువు, పొడువు అని ఆరుసార్లు కొట్టారు. ఆరూ వేస్టే. అప్పుడు పసరు వేరు తినాలండి, విషం దిగిపోద్ది. తర్వాత పొడవాలి."

సత్యకుమారికి మొహం ఎర్రబడింది. తన దగ్గర నేర్చుకున్న కుర్రాడు తనకి తప్పు చూపిస్తున్నాడు. పైగా ఆ తప్పు, ఆమె అందరికీ నేర్పిందే.

జూన్‌లో గణేష్‌బాబు కాకినాడ వెళ్లిపోయాడు. ఆమె ఆడటం మానలేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఎవరెవరో తెలియని దేశాలవాళ్ల చేతుల్లో రోజుకు రెండుసార్లు చచ్చేది. తెర మీద వచ్చిన పోరాటమంతా ప్రింటు తీసి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర పెన్సిలుతో దిద్దేది. ఎదుటివాడు ఏం చేశాడో ఒక పక్క, తను ఏం కొట్టిందో ఇంకో పక్క గీతలు గీసేది. అర్థంకాని ఇంగ్లీషు మాటకు నిఘంటువు తీసేది. అన్నేళ్లలో కొన్ని లక్షల ఇంగ్లీషు మాటలు ఆ వేళ్ల మీదుగా వెళ్లాయి. వాటిలో సగానికి అర్థం ఇప్పుడే చూస్తోంది.

నెమ్మదిగా సంగతులు తెలిశాయి. ఒక దెబ్బ కొట్టాక మళ్లీ నిలదొక్కుకోవడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ నాలుగు సెకన్లలో ఏం కొట్టినా ఆట తీసుకోదు. కనుక ఎదుటివాడు ముందు కొట్టేదాకా ఆగడమే మంచిది. ఆగడం ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. ఖాళీగా ఉన్న వేళ్లు వాటంతటవే కీల మీదికి పోయేవి. చేతులు ఒళ్లో పెట్టుకుని, తెర మీద వాక్యం పూర్తయ్యాక కీబోర్డు మీదికి తెచ్చేది. ఆగస్టులో మొదటిసారి ఒకడిని చంపింది. వాడెవడో, ఏ ఊరివాడో తెలియదు. లేచి మంచినీళ్లు తాగింది.

దసరా సెలవుల్లో గణేష్‌బాబు వచ్చాడు. "ఇంకా ఆడుతున్నారా మేడమ్?" అని ఆశ్చర్యపోయాడు. పక్కపక్కనే కూచున్నారు. బరి చుట్టూ ఆటలోని వాళ్లు ఇరవైమంది దాకా చూడటానికి చేరారు, వజ్రకు అక్కడ పేరుంది.

వేసవిలో వజ్రతో ఆడిన పోరాటాలు కంప్యూటర్లో మిగిలి ఉంటే వాటినీ ఆమె ప్రింటు తీసి పూర్తిగా చదివేసింది. రెండు దెబ్బలు కొట్టాక వజ్ర డాలు దించి విషం సీసా తీస్తాడు, ఎప్పుడూ అంతే. మొదటి దెబ్బ తింది. రెండోది తింది. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. పక్క నుంచి గణేష్‌బాబు, "నెట్ ఆగిందాండి?" అన్నాడు. వజ్ర సీసా తీశాడని వాక్యం పడింది. సీసాని కత్తితో కొట్టు అని ఆమె ఒకే ఒక్క వరుస టైపు చేసింది. సీసా పగిలి విషం వజ్ర చేతి మీదే ఒలికిందని తెర చెప్పింది. అతను గబగబా పొడువు, పొడువు అని కొడుతున్న చప్పుడు ఆమెకు వినపడింది. మరి మూడు దెబ్బల్లో వజ్ర పడిపోయాడు.

చూసేవాళ్లంతా వజ్రను ఎగతాళి చేస్తూ వాక్యాలు పంపారు. గణేష్‌బాబు వాటిని చదివి, కంప్యూటర్ ఆపి లేచాడు. "బాగా ఆడారండి," అన్నాడు. మర్నాడు రాలేదు. సెలవులయ్యేదాకా రాలేదు. సంక్రాంతికి ఊరొచ్చాడని విన్నది గానీ ఇన్‌స్టిట్యూట్ వైపు అతను రాలేదు. గెలిచినరోజు కలిగిన సంతోషం ఆమెకు అక్కడితో తగ్గింది. ఆట మాత్రం సాగింది. కొత్తగా వచ్చేవాళ్లకు బరిలో ఎలా ఆగాలో కుమారి నేర్పుతుందని ఆటలో పేరు వచ్చింది. రెండువేల ఐదులో ఆ ఆట నడిపేవాళ్లు దాన్ని మూసేశారు.

ఆ మరుసటి ఏడు రావులపాలెం బస్టాండులో గణేష్‌బాబు ఎదురుపడ్డాడు. రాజమండ్రిలో ఉద్యోగం చేస్తున్నాడట. నమస్కారం పెట్టి, అటూ ఇటూ మాట్లాడాక ఆమే అడిగింది.

"అప్పుడు కోపం వచ్చిందా?"

"వచ్చిందండి," అన్నాడు సూటిగా. "మీ మీద కాదనుకోండి. అంతమందిలో ఓడిపోయానని. తర్వాత సిగ్గేసింది, రాలేకపోయాను."

"నువ్వు నన్ను తొమ్మిదిసార్లు చంపావు. నేను రోజూ ఇన్‌స్టిట్యూట్ తెరిచాను కదా."

అతను తల వంచుకుని నవ్వాడు. ఆమె ఎక్కాల్సిన అమలాపురం బస్సు వచ్చి ఆగింది. ఆమె సంచీ అతనే అందుకుని, ఎక్కి, కిటికీ పక్క సీటు పట్టి ఇచ్చి దిగాడు.