సున్నం తగిలిన పసుపు

జాన్ సార్ మోకాలి కథ ఆర్మూర్ పసుపు యార్డులో అందరికీ కంఠతా వచ్చు. కలకత్తాలో పెద్ద క్లబ్బుకు ఆడుతుంటే ఏనుగులాంటి డిఫెండర్ అడ్డం పడి కాలు విరగ్గొట్టాడనీ, లేకుంటే మన జాన్ దేశానికే ఆడేవాడనీ హమాలీ నుంచి సేటు దాకా చెప్పుకునేవారు. జాన్ అవుననలేదు, కాదనలేదు.

తల్లి ఆశమ్మ యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలి. జాన్ మిషన్ హాస్టల్లో చదువుతూ ఫుట్‌బాల్ నేర్చాడు. పద్దెనిమిదేళ్లకు హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ జట్టు, ఇరవై రెండుకు కలకత్తా. మూడో సీజన్ మధ్యలోనే సంచీ సర్దుకుని తిరిగొచ్చాడు. అప్పట్నుంచి రైతుల పసుపు అమ్మిపెట్టే నారాయణదాస్ సేటు అడ్తీ దుకాణంలో బస్తాలు కాంటా పెట్టడం, పొద్దున సాయంత్రం కాలేజీ మైదానంలో పిల్లలకు ఆట నేర్పడం. కోచ్ పనికి జీతం లేదు. బూట్లు, జెర్సీలు సేటు ఇప్పించేవాడు.

2004లో ఆ పిల్లల్లో ఒకడు నిజంగానే మంచి ఆటగాడిగా తేలాడు. సుకుమార్, పదిహేడేళ్లు. వాళ్లమ్మ ఎస్తేరు కూడా కొమ్ములు ఏరే కూలీయే. మార్చి చివరి ఆదివారం నిజామాబాద్‌లో జిల్లా ఫైనల్. హైదరాబాద్ నుంచి స్పోర్ట్స్ హాస్టల్ వాళ్లు చూడటానికి వస్తున్నారు. నచ్చితే తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. మరుసటి ఏడాదికి సుకుమార్‌కు వయసు దాటిపోతుంది.

ఫైనల్‌కు మూడు రోజుల ముందు, గురువారం సాయంత్రం ప్రాక్టీసులో జాన్ సుకుమార్ దగ్గర ఆగాడు. మార్చిలో ఆ ఊళ్లో ఎవరి కాళ్లు చూసినా పసుపే. యార్డులో ఒక్కసారి నడిచొస్తే చాలు, గోళ్లలోకి దిగుతుంది. కానీ సుకుమార్ సాక్సు పైఅంచు పసుపుగా లేదు. పారాణి అద్దినట్టు ఎర్రగా ఉంది. పసుపుకు సున్నం తగిలితేనే ఆ ఎరుపు.

"మోకాలికి ఏమైందిరా?"

"ఏం కాలే సార్. జర గీసుకపోయింది."

"గీసుకపోతె పసుపు సున్నం పట్టు ఏస్తరా? ఒంటికాలి మీద నిలబడు."

నిలబడ్డాడు. రెండు లెక్కపెట్టేలోపే మోకాలు లోపలికి వాలింది. పక్కనున్న గోల్‌కీపర్ ఎంకటి పడకుండా పట్టుకున్నాడు.

"నాలుగు దినాల సంది గట్లనే ఉంది సార్. ఎవలకు జెప్పొద్దన్నడు" అన్నాడు ఎంకటి.

"ఆదివారం నువ్వు ఆడవు" అన్నాడు జాన్.

మర్నాడు ఎస్తేరు దుకాణానికే వచ్చింది. కాంటా చుట్టూ హమాలీలున్నారు, గద్దె మీద సేటున్నాడు. ఆమె ఎవర్నీ చూడలేదు.

"జానన్నా, నా కొడుకు ఏం తప్పు జేసిండే?"

"తప్పు కాదు ఎస్తేరూ. మోకాలు బాగలేదు."

"పట్టు ఏసిన గదా! మీ అమ్మ ఎయ్యలేదా, మా అమ్మ ఎయ్యలేదా? నీ కాలు ఎవడో ఇరగ్గొట్టిండు, నీ బతుకు గిట్లయింది. నా కొడుకు పైకి పోతుంటె నీకు కడుపుమంటనా?"

సేటు కూడా అందుకున్నాడు. "సగం ఆటన్న ఆడనియ్యి జాన్. హైదరాబాదోళ్లు చూసేదాక. జెర్సీల మీద దుకాణం పేరు ఊకెనే ఏపిచ్చిన్నా?"

"పోరడు ఆడకుంటేంది సేటూ, జెర్సీనే ఆడిపిద్దాం" అన్నాడు హమాలీ భూపతి. అందరూ నవ్వారు.

జాన్ కాంటా వదిలి బస్తా మీద కూర్చున్నాడు.

"నా కాలు ఎవడు ఇరగ్గొట్టలేదు" అన్నాడు.

సేటు గద్దె మీంచి ముందుకు వంగాడు.

"ప్రాక్టీసుల మోకాలు మెలిక వడ్డది. క్లబ్బోళ్లకు తెలిస్తె పక్కకు కూసోవెడ్తరని జెప్పలే. అమ్మ మూటగట్టిచ్చిన పసుపుండె. పాన్‌డబ్బ కాడ సున్నం అడుక్కొచ్చి కలిపి కట్టుకున్న. నొప్పి తెల్వలే. మూడు మ్యాచులు ఆడిన. మూడోదాంట్ల నా మీదికి ఎవడు రాలే, బంతి గూడ నా తాన లేదు. ఉత్తగ ఉరుకుతుంటె పడిపోయిన. ఏనుగు లేదు, ఏం లేదు. మీరు చెప్పుకుంటుంటె మంచిగనిపిచ్చి ఊకున్న."

ఎస్తేరు కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగంతా పసుపే.

"గీ ముచ్చట ముందుగాల జెప్తె నేను పట్టు ఏస్తుంటినా అన్నా?"

జాన్ బస్తా మీంచి లేచేలోపే ఆమె వెళ్లిపోయింది.

ఆదివారం సుకుమార్ జెర్సీ వేసుకుని బెంచీ మీదే కూర్చున్నాడు. ఆర్మూర్ ఒక్క గోల్‌తో ఓడింది. హాస్టల్ వాళ్లు ఒకే పేరు రాసుకున్నారు. ఐదారు బంతులు ఆపిన ఎంకటిది. సుకుమార్ కుంటుకుంటూ పోయి వాణ్ణి కావలించుకున్నాడు. జాన్ వైపు చూడలేదు.

సోమవారం జాన్ అతన్ని నిజామాబాద్‌లో ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. మోకాలి లోపల లిగమెంట్ సగం తెగింది, ఆరు నెలలు ఆట బంద్ అన్నాడాయన.

"నిన్న ఆడితె ఏమైతుండె సార్?" అని డాక్టర్‌ను అడిగాడు సుకుమార్.

"చెప్పలేం. మొత్తం తెగుతుండె కావచ్చు. ఏం గాకుండ గూడ ఉండొచ్చు."

తిరుగు బస్సు జక్రాన్‌పల్లి దాటింది. సుకుమార్ కిటికీలోంచి చూస్తూనే అన్నాడు.

"ఏం గాకుండ గూడ ఉండొచ్చన్నడు."

ఇంకోమాట చెప్పి సముదాయించడం జాన్‌కు కష్టం కాదు. పదేళ్లకు పైగా ఊరంతటినీ ఒక కథ మీద నిలబెట్టినవాడు.

"అన్నడు" అన్నాడు.

"గది ముందుగాల తెలిసినా ఆపుతుంటివా?"

"ఆపుతుంటి."

ఆర్మూర్‌లో దిగేటప్పుడు జాన్ చెయ్యి అందించాడు. సుకుమార్ కడ్డీ పట్టుకుని ఒక్కడే దిగాడు.

మర్నాడు పొద్దున మైదానంలో పిల్లలు వరసగా నిలబడ్డారు. జాన్ వాళ్లను కూర్చోమని, సాక్సులు కిందికి దించమన్నాడు. ఒక్కొక్కరి మోకాలు నొక్కి చూశాడు.

"ఎవలకన్న నొప్పుంటె ఇప్పుడే జెప్పుండ్రి. జెప్పినోణ్ణి టీంల నుంచి అస్సలు తీసెయ్య."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జాన్ వాళ్ల ఎదురుగా నేల మీద కూర్చుని, తన ప్యాంటు మోకాలి పైదాకా మడిచాడు. వంకర తిరిగిన ఆ చిప్పను పిల్లలు ఎప్పుడూ చూడలేదు. చిన్నవాడొకడు వేలితో తాకబోయి ఆగాడు.

"గా ఏనుగోడు గిట్ల జేసిండా సార్?"

"కాదు బిడ్డా" అని, జాన్ మళ్లీ మొదట్నుంచి చెప్పాడు.

చెబుతున్నంతసేపూ గేటు వైపు చూస్తూనే ఉన్నాడు. సుకుమార్ ఆ రోజు రాలేదు. తర్వాత నెల రోజులూ రాలేదు.