చెల్లని చీటీ

ఒకప్పుడు మా ఊళ్లో పంచాయతీ ఎన్నిక అంటే పెద్దాయన ఇంటి వసారాలో ఒక పూట జరిగిపోయే పని. ఆయన పేర్లు చదివేవాడు, కింద కూర్చున్నవాళ్లు తలలూపేవాళ్లు, ఆపైన అందరి బొటనవేళ్లకూ సిరా పూసి కాగితం మీద నొక్కించేవాళ్లు. దానికి ఏకగ్రీవం అని పేరు. జమీందారీలు పోయి ఏళ్లు గడిచినా ఆ వసారా మాత్రం ఎక్కడికీ పోలేదు. అల్లూరుకు తూర్పున, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉన్న మిషన్ బడిలో నేను టీచరుగా చేరేనాటికి పరిస్థితి అది.

సాయంత్రాలు ఊరి బయట కూలివాళ్లుండే పాలెం ఆడవాళ్లకు చదువు చెప్పేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు వాళ్ల చదువు మీద ప్రేమ కంటే ఆ వేలిముద్రల మీద కోపం ఎక్కువ. "ఎవరు ఏ కాగితం ఇచ్చినా వేలు పెట్టొద్దు, పేరు రాయండి" అని పోరి పోరి పలకల మీద వాళ్ల పేర్లే దిద్దించాను. తప్పు రాస్తే పలక నిండా పెద్ద ఇంటూ కొట్టేదాన్ని. అందరికంటే శ్రద్ధగా దిద్దింది ఒక నడివయసు మనిషి. భర్త పోయాడు, నాట్లకూ కోతలకూ పోయి బతికేది. ఆమె పేరులో 'ళ' ఉంది. అది కుదరడానికి నెల పట్టింది.

ఆ ఏడు మొదటిసారి మా వార్డుకు పోటీ వచ్చింది. పెద్దాయన తరఫున ఆయన పాలేరు నిలబడ్డాడు. ఎదురు నిలబడింది మా ఊరి దర్జీ సాయిబు. ఆయనకు కుట్టుమిషను తప్ప సెంటు భూమి లేదు, లాక్కోవడానికి ఏమీ లేకపోవడమే ఆయన ధైర్యం. ఓటు వేసేవాళ్లకు ఆ ధైర్యం లేదు. పాలెం గుడిసెలన్నీ పెద్దాయన నేల మీదే ఉన్నాయి. ఎవరికి వేశారో తెలిస్తే తెల్లారేసరికి గుడిసె ఉండదు.

"తెలిసిపోతాదేమోనమ్మా" అని ఆ పేరులో 'ళ' ఉన్నామే అడిగింది.

"తెలీదు. చీటీ మీద మీకు కావలసినవాడి బొమ్మ పక్కన పెన్సిలుతో ఇంటూ పెట్టి, మడిచి పెట్టెలో వేయండి. దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు" అన్నాను. ప్రార్థన చేసినంత నమ్మకంగా అన్నాను.

ఓట్లు మా బడిలోనే పడ్డాయి. మధ్యాహ్నం దాటాక అక్కడే లెక్కపెట్టారు. నెల్లూరు నుంచి వచ్చిన ఆఫీసరు బల్ల దగ్గర కూర్చున్నాడు, పోటీదార్లిద్దరూ చెరోవైపు. బడి తాళాలు నా దగ్గర ఉంటాయి కనుక నేనూ గోడవారగా నిలబడ్డాను. కిటికీల బయట ఊరంతా మూగి ఉంది. దర్జీది కత్తెర గుర్తు, పాలేరుది గొడుగు. చీటీలు రెండు దొంతర్లుగా పెరుగుతున్నాయి, ఏది ఎత్తో చెప్పలేకపోతున్నాం.

ఆఫీసరు ఒక చీటీ విప్పి ఆగిపోయాడు. కత్తెర బొమ్మ పక్కన ఇంటూ లేదు, సంతకం ఉంది. ఆ 'ళ'ను నేను నిలబడ్డ చోటునుంచే గుర్తుపట్టాను.

"ఇది చెల్లదు" అని ఆఫీసరు దాన్ని పక్కన పెట్టబోయాడు. పాలేరు ఊరుకోలేదు. అతనికి అక్షరం ముక్క రాదు. చీటీ లాక్కుని నా ముందు పెట్టాడు.

"ఏందో రాసుండారే. ఏముండాదో చదవండి టీచరమ్మా."

దర్జీకి చదువొచ్చు. ఆయనా చూశాడు, చూసి తల దించుకున్నాడు.

"ఏమీ లేదు. ఎవరో పిచ్చిగీతలు గీశారు" అన్నాను. అంత గబుక్కున నేను ఏనాడూ అబద్ధమాడలేదు. ఆడినందుకు సిగ్గు కూడా వేయలేదు, ఒక గుడిసె నిలబెట్టాననే అనుకున్నాను.

"పిచ్చిగీతలు కాదమ్మా."

కిటికీ ఊచలు పట్టుకుని ఆమె. గొంతు కూడా పెంచలేదు.

"అది నా పేరు. మీరే గదా దిద్దించినారు. ఇంటూ అంటే తప్పని గూడా మీరే గదా చెప్పినారు. మనకు కావాల్సినాయన పక్కన తప్పు ఎట్టా పెట్టేది? అందుకని సంతకం పెట్టినా."

పాలేరు కిటికీ వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. ఆమె ఎవరికి వేసిందో, నేను ఎందుకు అబద్ధమాడానో అతనికి ఒక్కసారే అర్థమైంది. ఆ తర్వాత కత్తెర పక్కన ఇంకో నాలుగు సంతకాలు వచ్చాయి. ఆఫీసరు వాటిని ఎవరి కంటా పడనీయకుండా మడిచి కవర్లో వేశాడు. ఈసారి అవి మావేనని బయటనుంచి ఎవరూ అనలేదు. దర్జీ మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నా జీతం మిషన్ ఇచ్చేది. ఆమెకు మాత్రం ఆ వారమే గుడిసె తీసేయమని కబురొచ్చింది. నేను పోయేసరికి కప్పు మీది తాటాకు దించుతోంది. మిషన్ ఆవరణలో చోటు అడుగుతానన్నాను. వద్దంది, దొరవారిసత్రం దగ్గర కూతురుంది, అక్కడికి పోతానంది. క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటున్నాను. ఇంతలో ఆమే తాటాకుల మోపు కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"నిజం చెప్పండమ్మా. అంత అధ్వానంగా ఉండిందా నా రాత?"