నాయన తిట్టిన సీడీ ప్లేయరు

నాయన పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆయన మాట ఎంత మెత్తనో చెప్పారు. పోయినవాళ్ల గురించి అలాగే చెబుతారు. వాళ్లు చెప్పిన మనిషి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మాకు తెలిసిన నాయన సంగటి తింటూ సంగటికి, నీళ్లు తాగుతూ బావికి వంక పెట్టేవాడు. దేన్నైనా బాగుందని ఆయన అనగా నేను విన్నది ఒక్కసారే. అదీ ఒక సీడీ ప్లేయరును.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. మేముండేది పుంగనూరు దగ్గర. అమ్మకు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక చెవులు మందగించాయి. గట్టిగా చెబితే మాట తెలిసేది. పాట తెలిసేది కాదు. పొద్దున టేపురికార్డరు పెట్టనిదే పొయ్యి వెలిగించని మనిషి. ఇప్పుడు క్యాసెట్టు గుర్రుమనే చప్పుడు మాటల మీద పడి, ప్రతి చరణానికీ "ఏమన్న్యాడు?" అని నన్ను అడిగేది. నేను అప్పజెప్పాల్సి వచ్చేది. కొన్నాళ్లకు అడగడం మానేసి, టేపురికార్డరు మీద ఒక పాత గుడ్డ కప్పింది.

ఆ గుడ్డను చూసి నాయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం మాకు కొత్త. వారం తిరక్కముందే, "మదనపల్లెకు పోదాం, బయల్దేరండి" అన్నాడు.

ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఇంట్లో ఉన్నాయి. వాటికి తగిలించే, క్యాసెట్టులా గుర్రుమనని మంచి సీడీ ప్లేయరే కావాలి. నేను పత్రికల్లో చదివినంతలో, సినిమాలు కూడా చూపించే పెట్టె కన్నా పాట ఒక్కటే పలికే పెట్టె మేలని చెప్పాను.

"పుస్తకంలో సదివి ఎద్దును కొన్న్యోడు యాడన్నా ఉండాడా?" అన్నాడు నాయన.

షాపులో అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే పాటను మూడు ప్లేయర్లలో వేయించాం. మొదటి దానికి అమ్మ "ఏమన్న్యాడు?" అంది. రెండోది తెల్లగా, బోలెడు దీపాలతో ఉంది. దానికీ అదే మాట. మూడోది నల్లది, బరువైనది, చూడ్డానికి ఏమీ లేనిది. పాట మొదలైన కాసేపటికి అమ్మ పెదవులు కదిలాయి. పాటతో పాటే, ఒక్క మాటా తప్పిపోకుండా కదిలాయి.

నాయన అది చూశాడు. చూసి, నల్ల పెట్టె వైపు తిరిగాడు.

"ఇదేందప్పా, దున్నపోతు మాదిరి ఉండాది! దీనికీ ఒక గొంతా?"

నాయన సంతలో ఎద్దులు కొన్న మనిషి. అక్కడ ఒక పద్ధతి ఉంది. నచ్చిన ఎద్దును తిట్టాలి, నచ్చనిదాన్ని పొగడాలి. అమ్మేవాడు రోషపడాలి. కొనేవాడు విసురుగా నాలుగడుగులు వెళ్లాలి. అప్పుడు వెనక్కి పిలుస్తారు, బేరం మొదలవుతుంది.

"మీ నాయన ఏమంటాండాడు?" అని అమ్మ నన్ను అడిగింది.

"దాన్ని తిడతాండాడు" అని ఆమె చెవి దగ్గర చెప్పాను.

"అయితే కొన్నట్టే" అని అమ్మ కొంగు సర్దుకుంది.

నాయన తెల్లదాన్ని చూపించి, "లక్షణమంటే అదీ" అన్నాడు. నల్లదాన్ని ఇంకో నాలుగు తిట్టి, విసురుగా వాకిలి దాకా వెళ్లాడు. ఎవరూ పిలవలేదు. కాసేపు ఆయన రోడ్డు మీద బస్సులను, మేము ఆయన్ను చూశాం. ముగ్గురం వెనక్కి తిరిగేసరికి, షాపు కుర్రాడు తెల్లదాన్ని మా కోసం అట్టపెట్టెలో పెడుతున్నాడు. మా పక్కనే నిలబడి పాట విన్న ఒకాయన నల్లదాన్ని చంకన పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

"అది మాకు కావాల!" అన్నాడు నాయన.

"మీరే వద్దంటిరి గదా సార్" అన్నాడు ఆ కుర్రాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. "ఈడ అదొక్కటే ఉన్నింది. మా కుప్పం షాపులో ఇంకోటి ఉండాది."

జరిగింది అమ్మకు చెప్పాను. ఇల్లు చేరాక ఆమె టేపురికార్డరు మీది గుడ్డను ఒకసారి దులిపి, మళ్లీ కప్పింది.

మరుసటి వారం పలమనేరు మీదుగా కుప్పం వెళ్లాం. దారి పొడుగునా అమ్మ నాయనకు పాఠం చెప్పింది. "ఆడ దాన్ని ఒక్క మాట అనద్దు. నోరు కట్టుకో."

షాపాయన పాట వేశాడు. అమ్మ పెదవులు మళ్లీ కదిలాయి. "ఎట్లుండాది సార్?" అని ఆయన నాయనను అడిగాడు.

నాయన నోరు తెరిచాడు. అమ్మ ఆయన్నే చూస్తోంది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు.

"బాగుండాది" అన్నాడు. "ఇదే కావాల."

బేరానికి దారి అక్కడితో మూసుకుపోయింది. అడిగినంతా ఇచ్చాడు. జీవితంలో అలా ఇచ్చి ఎరగడు. తిరుగు బస్సులో అమ్మ పెట్టెను ఒళ్లో పెట్టుకుని నవ్వుతూనే ఉంది. "ఇన్నేండ్లుగా వండి పెడతాండాను. నన్నొక దినం ఆ మాట అన్న్యాడా, సూడు" అంది నాతో. నాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంటికొచ్చి తగిలించాం. ఒక పాట అయిపోయింది, ఇంకోటి మొదలైంది. అమ్మ నన్ను ఏమీ అడగలేదు. కొత్త పెట్టెను చూద్దామని పక్కింటి పెద్దాయన వస్తే, నాయన వాకిట్లోనే ఆపాడు.

"ఏముండాదప్పా సూసేదానికి! దున్నపోతు. దుడ్లు దండగ."

పెద్దాయన నిజమేననుకుని వెనక్కి తిరగబోయాడు. అది చూసి అమ్మ లోపలినుంచి లేచి వచ్చి ఆయన్ను పిలిచింది.

"నువ్వు రాన్నా. మాటమాటా ఇనబడతాండాది. ఆయన తిడతానే ఉంటాడు, అదట్లనే."

పెద్దాయన లోపలికి వచ్చి కూర్చున్నాడు. నాయన వాకిట్లో నిలబడి ఇంకాసేపు తిట్టాడు.