దిష్టి తీగ

నిన్న పొద్దున కొబ్బరి పచ్చడికి మిక్సీ తిప్పుతుంటే వంటింట్లో ఎండుచేప కాల్చినట్టు ఒక వాసన తగిలింది. మా ఇంట్లో చేపలు వండి నెలలయింది కాబట్టి, అది ప్లగ్గు మాడుతున్న వాసనేనని నా ముక్కు వెంటనే పట్టేసింది. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, మూత విప్పి చూస్తే లోపల ఒక మర వదులై, దాని కింద తీగ చివర కమిలిపోయి ఉంది. మూడు తీగలు: కాఫీ రంగుది ఒకటి, నీలం ఒకటి, ఆకుపచ్చ మీద పసుపు చారలున్నది ఒకటి. ఈ రంగులు వచ్చి చాలా ఏళ్ళయింది, నాకూ అలవాటైపోయాయి. అయినా ప్లగ్గు విప్పిన ప్రతిసారీ నా కళ్ళు ముందు నలుపు కోసమే వెతుకుతాయి. డెబ్బైల్లో తిరువూరులో మా ఇంట్లో ఒక నల్ల తీగ గురించి జరిగినంత రగడ, నాకు తెలిసి, పొలం గట్ల గురించి కూడా జరగలేదు.

రెండు మూడేళ్ళు వరసగా పత్తి బాగా పండాక మా నాన్న పెంకుటిల్లు పడగొట్టి డాబా మొదలుపెట్టాడు. ఆ వేసవంతా మేం పక్కింటి వసారాలో కాపురం. గోడలు లేచాయి, తలుపులు ఇంకా రాలేదు, రెడ్డిగూడెం తోట నుంచి బండ్ల మీద వచ్చిన మామిడికాయలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆ సగం కట్టిన గదుల్లోనే వరిగడ్డి పరిచి మాగబెట్టారు. తడి సున్నం వాసన, పండుతున్న రసాల వాసన, ఎండకి కాగిన ఇసుక వాసన అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేది. మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే మేం ఆడపిల్లలం ఆ ఇసుకలో పుల్ల దాచే ఆట ఆడి, గడ్డిలో చెయ్యి పెట్టి మెత్తబడిన కాయ వెతికి, ఎవరూ చూడకుండా చీకి, టెంకె ఇసుకలో పాతిపెట్టేవాళ్ళం.

కరెంటు పనికి సుభానీ వచ్చేవాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి ఆయనే తీగలు లాగాడు. సైకిలు వెనక రేకు పెట్టె, హ్యాండిలుకి తీగల చుట్టలు, చెవి మడతలో అత్తరు దూది, ఆ మనిషి వాకిట్లోకి వచ్చాడంటే చూడకుండానే తెలిసేది. గోడ మీద టేకు పట్టీలు వరసగా కొట్టి, వాటి మీద ఎర్ర తీగా నల్ల తీగా పక్కపక్కన పరిచి, రేకు క్లిప్పులు మడిచి బిగించేవాడు. ఎర్రదాంట్లో కరెంటు వస్తుందనీ, దీపం వెలిగించి నల్లదాంట్లో వెనక్కి పోతుందనీ మాకు చెప్పేవాడు. కత్తిరించి పారేసిన ముక్కల్లోంచి రాగి లాగేసి ఉంగరాలు చుట్టుకునేవాళ్ళం. ఎర్ర తొడుగుల్ని చిన్న చిన్న ముక్కలు కోసి పగడాలనీ, నల్ల తొడుగుల్ని నల్లపూసలనీ దారానికి గుచ్చి బొమ్మల పెళ్ళిళ్ళు చేసేవాళ్ళం.

మా నాయనమ్మకి నలుపంటే పడేది కాదు. నల్ల గొడుగు పట్టుకొచ్చినవాళ్ళు దాన్ని అరుగు మీద వదిలి లోపలికి రావాలి. చీరల మూట విప్పినవాడు నల్ల అంచు చీర బయటికి తీస్తే ఆ రోజు బేరం లేనట్టే. ఇదంతా ఆమెకి మొదటి నుంచీ కొంత ఉన్నదే గానీ, మా చిన్నత్త రాజ్యానికి కుదిరిన సంబంధం తాంబూలాల దాకా వచ్చి చెడిపోయాక ముదిరిపోయింది. ఆ రోజు మగపెళ్ళివారిలో ఒకాయన తడిసిన నల్ల గొడుగుతో సరాసరి దేవుడి గది గుమ్మం దాకా నడిచొచ్చాడట. సంబంధం చెడింది కట్నం పొలం దగ్గరని మా నాన్న ఎన్నిసార్లు చెప్పినా, నాయనమ్మ లెక్కలో చెడగొట్టింది గొడుగే. కొత్త ఇంట్లో మొదటి శుభకార్యం రాజ్యం పెళ్ళే కావాలని ఆమె పంతం.

అలాంటి మనిషి ఒక ఉదయం వచ్చి, దేవుడి గదిలోకి పాకుతున్న నల్ల తీగని చూసింది.

"ఏంటి సుభానీ ఇది?"

"న్యూట్రలండీ అమ్మగారూ. కరెంటు వెనక్కి పోవాలిగా."

"ఎర్రదాంట్లోనే రానీ, ఎర్రదాంట్లోనే పోనీ. దేవుడి గదిలోకీ, పెళ్ళిపీటలేసే హాల్లోకీ నల్లది రావడానికి వీల్లేదు."

సుభానీ తల గోక్కున్నాడు. పెద్దావిడ మాట కాదనే అలవాటు ఊళ్ళో ఎవరికీ లేదు, ఆయనకీ లేదు. ఆ రెండు గదుల్లో రెండు తీగలూ ఎర్రవే లాగాడు. తర్వాత తికమక పడకుండా, న్యూట్రల్ కావలసిన తీగల చివర్లకి తలా ఒక తెల్ల దారం ముడేసుకున్నాడు. స్విచ్చులు విజయవాడ నుంచి రావాలి, అప్పటిదాకా ఆ చివర్లు గోడల్లోంచి బయటికి వేలాడుతూ ఉన్నాయి. స్విచ్చులు వచ్చాక చూస్తే ముదురు రంగువే, నన్నడిగితే నలుపే. అవి కాఫీగింజ రంగని మా నాన్న ఒట్టేసి చెప్పాడు, నాయనమ్మ ఎందుకో నమ్మింది.

గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకున్నారు. పాలు పొంగించిన కొత్త ఇత్తడి గిన్నె, గుమ్మాలకి మామిడాకులు, పులిహోర, బూరెలు, పనసకాయ కూర, వాన పడి ఆగిన వాకిట్లో అరిటాకుల కుప్ప, వినగడప నుంచి దిగిన చుట్టాల పిల్లలతో మా పరుగులు, ఇవన్నీ నాకు నిన్నటిలా ఉన్నాయి. ఆ పొద్దున్నే నాయనమ్మ పసుపు దారపు ఉండ పట్టుకుని తలుపులకీ, బోషాణానికీ, రోలుకీ, నీళ్ళ గాబుకీ తోరాలు కడుతూ వచ్చింది. మెయిను ఇంకా వెయ్యలేదు. హాల్లోనూ దేవుడి గదిలోనూ వేలాడుతున్న తీగల్లో ఒకదానికి దారం ఉంది, పక్కదానికి లేదు. ఎవరో సగం కట్టి మర్చిపోయారనుకుని, అన్నిటికీ పసుపు దారం కట్టి, ముందున్న తెల్ల దారాలకీ పసుపు పూసి, తృప్తిగా వెళ్ళిపోయింది.

సుభానీ వచ్చి చూసేసరికి ఏది ఏదో తెలియలేదు. టెస్టరు పెట్టి చూద్దామంటే అప్పుడే ఊరంతా కరెంటు పోయింది. పంతులుగారు ముహూర్తం దాటుతోందంటున్నారు, మా నాన్న చెమటలు తుడుచుకుంటూ దీపాలు వెలగాలంటున్నాడు. తోచినట్టు బిగించేశాడు. కాసేపటికి కరెంటు వచ్చింది, దీపాలన్నీ వెలిగాయి, అందరూ సంతోషించారు. తీగలు తారుమారైనా దీపం వెలుగుతుంది, వచ్చిన చిక్కంతా అక్కడే. తర్వాత తీరిగ్గా వచ్చి సరిచూద్దామనుకున్నాడు, ఈలోగా పొలాల్లో మోటార్ల పని తగిలి మర్చిపోయాడు.

పెరట్లో ఎర్తు కోసం గొయ్యి తీసి బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పూడ్చారు. దానికి అప్పుడప్పుడూ నీళ్ళు పోస్తుండాలని సుభానీ చెబితే నాయనమ్మ ఆ పని తనే తీసుకుంది. తులసికి పోశాక చెంబులో మిగిలిన నీళ్ళు రోజూ దానికి పోసేది. బొగ్గు నల్లదే గానీ భూమిలో ఉంది కాబట్టి లెక్కలోకి రాదనేది.

కార్తీక మాసం మొదట్లో దేవుడి గది కడిగారు. అమ్మ తడి నేల మీద వట్టికాళ్ళతో నిలబడి, స్విచ్చి ఆపి, గోడకున్న ఇత్తడి హోల్డరులోంచి బల్బు తీసి, లోపల పట్టిన సాంబ్రాణి మసిని తడిగుడ్డతో తుడవబోయింది. నేను గుమ్మంలో కూర్చుని వత్తులు చేస్తున్నాను. గుడ్డ తగలగానే అమ్మ చెయ్యి బిగుసుకుపోయింది, మరుక్షణం వెనక్కి వచ్చి పడింది. కుంది దొర్లిన చప్పుడుకి నాయనమ్మ వచ్చింది.

"స్విచ్చి ఆపొద్దా అమ్మాయ్?"

"ఆపాను అత్తయ్యా," అంది అమ్మ, పళ్ళు టకటకలాడుతుంటే.

నాయనమ్మ నమ్మలేదు. కోడలి తప్పు చూపించడానికే స్విచ్చి దగ్గరికి వెళ్ళింది. స్విచ్చి ఆపే ఉంది. ఆమె దాన్నీ, హోల్డరునీ, కింద కూర్చుని మొద్దుబారిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్న అమ్మనీ మార్చి మార్చి చూసింది. నాకు అప్పుడు అమ్మ కంటే నాయనమ్మని చూస్తేనే భయమేసింది.

కబురు పంపితే సుభానీ వచ్చాడు. స్విచ్చి ఆపి, హోల్డరులో టెస్టరు పెట్టి, దాంట్లో వెలిగిన ఎర్రటి చుక్కని అందరికీ చూపించాడు. స్విచ్చి వచ్చే తీగ మీద ఉంటే కరెంటు గుమ్మంలోనే ఆగిపోతుంది, వెనక్కి పోయే తీగ మీద ఉంటే దీపం ఆరుతుంది గానీ కరెంటు లోపలే కాచుకుని ఉంటుందని చెప్పాడు. "తప్పు నాదేనమ్మగారూ, ఆ రోజే ఒప్పుకోకూడదు," అన్నాడు. "ఇవ్వాళ సరిచేసి పోతాను. రేపు ఇంకెవడో వచ్చి విప్పితే వాడికేం తెలుస్తుందండీ, రెండూ ఎర్రవేగా? నల్లది లాగాల్సిందే."

రాజ్యం అత్తకి అప్పటికి మళ్ళీ సంబంధం కుదిరింది, మాఘంలో ముహూర్తం. నాయనమ్మ, "పెళ్ళి కానీ, ఆ మర్నాడే మార్చు," అంది. మా నాన్న నేల చూశాడు. అత్తగారికి ఎదురు చెప్పని అమ్మే మాట్లాడింది. "పెళ్ళికి వచ్చే పిల్లలంతా ఆ హాల్లోనే ఆడతారు అత్తయ్యా," అంది.

నాయనమ్మ లోపలికి పోయింది. కాసేపటికి గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ, ఇంకో చేతిలో కాటుక భరిణె పట్టుకొచ్చింది. అమ్మని తూర్పుగా కూర్చోబెట్టి దిష్టి తీసింది. తర్వాత వేలితో కాటుక తీసి, పసిపిల్లకి పెట్టినట్టు, అమ్మ బుగ్గ మీద పెద్ద చుక్క పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. వేలి నలుపునీ, బుగ్గ మీది నలుపునీ చూసుకుంటూ ఎంతసేపు కూర్చుందో చెప్పలేను. ఆమె కళ్ళు తడవడం నేను చూసింది ఆ రోజే.

"లాగు సుభానీ," అంది చివరికి. "ఇంటికి పెట్టిన దిష్టి తీగ అనుకుంటాను."

ఆ వారంలోనే నల్ల తీగ దేవుడి గదిలోకి వచ్చింది. పని పూర్తయ్యాక, నాయనమ్మ చెప్పిన మీదట, సుభానీ అమ్మకి టెస్టరు పట్టడం నేర్పాడు. రాజ్యం అత్త సారెలోకి వచ్చిన కరెంటు ఇస్త్రీపెట్టెకి ప్లగ్గు బిగించింది అమ్మే. పెద్ద కాలు పైకి వచ్చేలా, కాళ్ళు అవతలికి ఉండేలా ప్లగ్గు పట్టుకుంటే ఎరుపు కుడికి, నలుపు ఎడమకి, ఆకుపచ్చ పెద్ద కాలికి. ఆకుపచ్చని కాస్త పొడుగ్గా వదలాలి, ఎవరైనా తాడు పట్టి గుంజినా అదే ఆఖర్న ఊడాలి. తొడుగు పళ్ళతో పీకకూడదు. రాగి పోగుల్ని జడలా పేని, మర బిగిసే వైపుకే చుట్టాలి, ఒక్క పోగు కూడా పక్కదానివైపు తొంగిచూడకూడదు. అమ్మ ఇదంతా వంట చెప్పినట్టు చెప్పేది, నేను అలాగే నేర్చుకున్నాను. పెళ్ళి ఏ విఘ్నం లేకుండా జరిగింది. ఆ ఘనత నాయనమ్మ దిష్టి తీగకే ఇచ్చింది, వచ్చిన చుట్టాలందరికీ వేలు పెట్టి మరీ చూపించింది.

కానీ ఆ తర్వాత ఆమెకి స్విచ్చి మీద నమ్మకం పోయింది. ఇంట్లో ఎవరు బల్బు ముట్టుకున్నా, ఫ్యాను తుడిచినా, ఎక్కడున్నా వచ్చి, "ఆపావా? ఆపినా నమ్మకు, టెస్టరు పెట్టి చూడు," అనేది. చివరి ఏళ్ళలో చూపు ఆనక మంచం దిగలేకపోయినా, అమ్మ బల్బు మార్చడానికి స్టూలు జరిపిన చప్పుడు వింటే చాలు, ఆ మాట మంచం మీంచి వచ్చేది. ఆమె పోయాక అమ్మ నన్ను అదే అడిగేది, నేను విజయవాడ వచ్చి కాపురం పెట్టాక ఫోనులో కూడా.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో పురుగుమందుల దుకాణాలు వచ్చాయి. టేకు పట్టీలు పోయాయి, తీగలు గోడల లోపలికి వెళ్ళిపోయాయి. ఇప్పటి ప్లగ్గులు చాలావరకు మూత విప్పడానికి వీల్లేకుండా పోతపోసి వస్తున్నాయి. సుభానీ లేడు, నాయనమ్మ లేదు, పోయినేడు అమ్మ కూడా పోయింది. నిన్న కమిలిన చివర కత్తిరించి, పోగులు పేని, మర బిగించాను. నలుపున్న చోట ఇప్పుడు నీలం ఉంది, దానికి ఏ పేరూ లేదు. మూత బిగించే ముందు, ప్లగ్గు పీకి చేతిలోనే ఉన్నా, కాసేపు ఆగాను. "ఆపావా?" అని ఎవరూ అడగలేదు. "ఆపాను అత్తయ్యా," అన్న అమ్మ మాటే గుర్తొచ్చి, లేచి వెళ్ళి స్విచ్చి చూసి వచ్చాను.